బంతి తేలే దాకా

షష్ఠి

రోజూ ఏదో ఒకటి రాయమన్నారు. ఎనిమిది జెండాల కప్పు ఆడే ప్రతి జట్టు కోచ్ దినచర్య రాయాలట, దాన్ని ఆటల తీర్పులు చెప్పే యంత్రం, అదే తీర్పరి, చదువుతుందట. సరే, చదువుకో తీర్పరీ. నా పేరు సంగాడి పోలమ్మ. మడసీమ ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌ని. నా నోరు మంచిది కాదని మా దీవుల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ననకు.

పొద్దున్నే గట్టుపురంలో పడవ దిగాం. కొండగడ్డ దేశానికి ఇది రాజధాని. సముద్రానికి అడ్డంగా ఎత్తయిన గట్టు కట్టుకున్నారు. గట్టు లోపల ఊరు, ఊరి మధ్యలో స్టేడియం, స్టేడియం మీద చలువ గోపురం. బయట ఎండకి చెప్పులు నేలకి అతుక్కుపోతున్నాయి, గోపురంలోకి వెళితే శాలువా కావాలి. మాకిచ్చిన బస గట్టు మీదే ఉంది. కిటికీలోంచి చూస్తే అవతల ఆటుకి బయటపడ్డ బురద కనిపించింది. పిల్లలు సామాన్లు కింద పెట్టకుండానే కిటికీ దగ్గర మూగారు. "అచ్చం మన బురదేనక్కా, వాసన కూడా అదే" అంది మా కెప్టెన్ లోవలక్ష్మి.

ఇక్కడ మనిషికి రోజుకి ఒక బకెట్టు నీళ్ళు. తాగడానికీ, ఒళ్ళు తుడుచుకోవడానికీ, గుడ్డలకీ అదే. జెర్సీలు ఎలా ఉతుక్కోవాలని మా మేనేజర్ దొరబాబు అడిగితే, ఉతుకుడు బకెట్టు గెలిచిన జట్లకి మాత్రమే అన్నారు. ఓడినవాళ్ళు చెమట కంపుతోనే ఓడాలి కాబోలు.

మా వెంట ఉండడానికి నిరంజన్ గారనే అధికారిని పెట్టారు. మర్యాదస్తుడు, అదే నాకు చిరాకు. ఆయనే నా మణికట్టుకి ఒక పట్టీ బిగించాడు. ఆట మధ్యలో ఫలితం మారే అవకాశం వందలో ఒకటి కంటే తగ్గిందని తీర్పరికి తోస్తే ఈ పట్టీ ఎర్రగా వెలిగి గుర్రుమంటుంది. ఆట అక్కడితో సరి. దీపాలు ఆరిపోతాయి, చలువ ఆగిపోతుంది, అందరూ ఇళ్ళకి పోవాలి. మిగిలిన కరెంటు ఆస్పత్రులకి వెళుతుందట. కాదనడానికి మనకి నోరు రాకుండా ఆస్పత్రుల పేరు పెట్టారు.

కప్పు ఆరేళ్ళకోసారి. పోయిన రెండు కప్పుల్లో మా ఆటలన్నీ ఇలాగే మధ్యలో ఆపేశారు. ఆపిన ఆట వెనకబడ్డవాళ్ళు ఓడినట్టే లెక్క. వరసగా మూడు కప్పుల్లో ఒక్క పాయింటు కూడా రాని దేశాన్ని ఇంక పిలవరు. ఇది మా మూడో కప్పు. మూడు ఆటలున్నాయి. ఒక్కటి గెలవాలి, లేదంటే కనీసం డ్రా చేసుకోవాలి. లేకపోతే మడసీమ జెండా ఇక్కడ మళ్ళీ ఎగరదు.

సప్తమి

మా ఆట నీకు తెలియదని నా అనుమానం. అందుకని చెబుతున్నాను, సరిగ్గా చదువు.

మా దీవుల్లో గడ్డి లేదు. ఊళ్ళన్నీ నీళ్ళ కింద పడ్డాక మంచెల మీద ఇళ్ళు కట్టుకున్నవాళ్ళం. సముద్రం వెనక్కి వెళ్ళి బురద బయటపడితే అదే మా మైదానం. గడియారం పెట్టుకోం. ఆటుకి మొదలెడతాం. పోటెక్కి గోల్ ముందు బంతి తేలితే ఆట అయిపోయినట్టు. మా బంతి బరువైంది, మోకాళ్ళు దాటి నీళ్ళొస్తే గానీ తేలదు. అందుకే "బంతి తేలే దాకా" అన్నది మాకు ఒట్టు లాంటి మాట. పెళ్ళిలో అంటాం, కొత్త పడవ నీళ్ళలోకి దించినప్పుడు అంటాం.

బురదలో మొదట్లోనే ఎగిరెగిరి పరిగెత్తినవాళ్ళు నీళ్ళొచ్చే వేళకి కూలబడతారు. కాబట్టి ముందంతా మేం కాళ్ళు దాచుకుని గోల్ కాచుకుంటాం. నీళ్ళు చీలమండలకి తగిలాక అసలాట మొదలవుతుంది. పోటు మనిషి దిగేది అప్పుడే. అప్పటి దాకా ఒడ్డున కూర్చుని అందరి కాళ్ళూ చూస్తూ ఉండడమే ఆమె పని. ఎవరి మోకాలు లొంగిపోతోందో, ఎవరు ఏ పక్కకి ఒరుగుతున్నారో ఆమె కనిపెట్టుకుని ఉంటుంది.

మా పోటు మనిషి ఓలేటి కాశులమ్మ. నలభై దాటింది. గోపురంలో నీళ్ళు రావు కాబట్టి చివరి పావుగంటనే పోటు అనుకోవాలని మా పెద్దలు నిర్ణయించారు. ఆ చివరి పావుగంట మాకు ఎప్పుడూ రాలేదు. రెండు కప్పులకీ కాశులమ్మ జెర్సీ వేసుకుని వచ్చింది, ఆ జెర్సీకి చెమట పట్టకుండానే మడత పెట్టుకుని వెళ్ళింది. ఇదే ఆమెకి ఆఖరి కప్పు. మోకాలికి కట్టు కట్టుకుని నడుస్తోంది.

"కాశులూ, ఈసారి నిన్ను మొదట్లోనే దించేత్తాను. నా మాటిను" అన్నాను పొద్దున.

"నీళ్ళు రాకుండా దిగితే నేను పోటు మనిషినెలా అవుతానక్కా?"

"గోపురంలో నీళ్ళెక్కడేడిశాయే!"

"ఆయ్, ఆ పావుగంటైనా రావాలి కదా. ముందే దిగిపోతే నాకేం తెలుత్తాది? ఎవరి కాళ్ళూ చూడకుండా, గుడ్డిదాన్లా తన్నుకుంటా తిరగనా?"

మొండిఘటం. చెంప పగలగొట్టాలనిపించింది, కానీ ఆమె చెప్పింది నిజం. మా అమ్మ కూడా పోటు మనిషే.

అష్టమి

ఒళ్ళు మండిపోతోంది. అయినా రాస్తాను.

ఇసుకనాడుతో మొదటి ఆట. మా పిల్లలు అనుకున్నట్టే కాళ్ళు దాచుకుని ఆడారు. ఒకే ఒక్క గోల్ తిన్నాం, అదీ కాలికి తగిలి దారి తప్పిన బంతి. అవతలివాళ్ళకి ఆయాసం మొదలైంది. వాళ్ళ వెనక వరుసలో పొడుగు అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుంది. కాశులమ్మ లేచి నిలబడింది. జుట్టు ముడి బిగించుకుంది, మోకాలి కట్టు సరిచూసుకుంది. "ఆ పొడుగుదానికి ఎడం పిక్క పట్టేసిందక్కా. లోవని అటు పొమ్మను" అని నా చెవిలో చెప్పి, గీత మీద కాలు పెట్టబోయింది.

నా పట్టీ గుర్రుమంది.

దీపాలు ఆరిపోయాయి. చీకట్లో ఎవరో బంతి తన్నిన చప్పుడు, తర్వాత జనం లేచి వెళుతున్న చప్పుడు. కాశులమ్మ గీత దగ్గరే నిలబడి ఉంది. భుజం మీద చెయ్యి వేశాను. ఆమె తిట్టి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

అది చాలదన్నట్టు సాయంత్రం ఇంకో ఆట చూపించారు. సౌరగిరి జట్టు రెండు గోల్స్ వెనకబడి ఉంది. మా ఆట ఆపేసిన నిమిషం దాటింది. వాళ్ళ ఆట ఆగలేదు. చివర్లో రెండూ కొట్టి డ్రా చేసుకున్నారు. పుండు మీద కారం చల్లినట్టయింది. నిరంజన్ గారిని భోజనాల దగ్గర పట్టుకున్నాను.

"ఒక్క గోల్ వెనకున్న మమ్మల్ని ఆపారు, రెండు గోల్స్ వెనకున్న వాళ్ళని ఆడనిచ్చారు. ఏంటండీ ఈ లెక్క?"

"మేడమ్, తీర్పరికి ఎవరి మీదా పక్షపాతం లేదు. అది గతాన్ని బట్టి చూస్తుంది. సౌరగిరి చివర్లో గోల్స్ కొట్టిన దాఖలాలు చాలా ఉన్నాయి. మీరు చివరి భాగంలో గోల్ కొట్టిన దాఖలా ఒక్కటి కూడా లేదు."

"చివరి భాగం ఎప్పుడు ఆడనిచ్చారు మమ్మల్ని?"

"ఈ కప్పుల్లో సరే. కానీ మీ దీవుల్లో ఆడిన ఆటల రికార్డింగులు కూడా తీర్పరి చూసింది. మీ సంఘమే పంపింది. వాటిలోనూ లేదు."

అబద్ధం అనుకున్నాను. మా ఆటల్లో గోల్స్ పడేదే చివర్లో. ముందు సగంలో గోల్ కొడితే మా దగ్గర ముసలాళ్ళు నవ్వుతారు, దీనికి తొందరెక్కువ అని.

నవమి

అబద్ధం కాదు. ఆ రికార్డింగులు తీసింది మా దొరబాబు.

పొద్దున జెర్సీలు ఉతుకుతున్నాం. తలా ఒక గిన్నెడు నీళ్ళు తగ్గించుకుని ఒక బకెట్టు పోగేశాం. దొరబాబు పిండుతున్నాడు, నేను జాడిస్తున్నాను. మాటల్లో అడిగాను, ఆ రికార్డింగుల్లో చివరి భాగం ఎందుకు లేదని. వాడు చాలా మామూలుగా చెప్పాడు.

"నీళ్ళొత్తే కెమెరా తడిసిపోద్ది కదక్కా."

నాకు ముందు అర్థం కాలేదు.

"బురదలో కర్ర పాతి దాని మీద కెమెరా పెడతాను కదా. పోటెక్కగానే ముందు కెమెరా తీసి పడవలో పెట్టేత్తాను. సంఘం సొమ్మక్కా, పాడైతే ఎవరిత్తారు? తర్వాత తీరిగ్గా ఆట చూత్తాను. ఏం ఆటలక్కా అయ్యి! కాశులమ్మక్క ఆ వేళ మూడు గోల్సు..."

"చూశావు. నువ్వు చూశావు. పంపావా?"

దొరబాబు చేతిలో జెర్సీ అలాగే పట్టుకుని ఉండిపోయాడు. అప్పుడు వెలిగింది వాడికి. ఇన్నేళ్ళ ఆటల్లో తీర్పరికి మేం పంపింది కాళ్ళు దాచుకుని నిలబడ్డ మడసీమని మాత్రమే. నీళ్ళొచ్చాక మేం ఏమవుతామో దానికి ఒక్కసారీ చూపించలేదు. ప్రపంచంలో ఏ దేశమైనా ఇలాంటి పని చేస్తుందా! కెమెరా తడవకూడదని దేశాన్ని ముంచాడు. బకెట్టులో మురికినీళ్ళు వాడి నెత్తిన గుమ్మరించాను. వాడు కదలకుండా పోయించుకున్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా.

తర్వాత నా కోపం నీ మీదకే తిరిగింది తీర్పరీ. వాడు తెలివితక్కువవాడు, ఒప్పుకుంటాను. నువ్వు సర్వజ్ఞురాలివి కదా. సగంలో తెగిపోయిన బొమ్మలు వరసగా వస్తుంటే, మిగతా సగం ఏమైందని ఒక్కసారైనా అడగాలనిపించలేదా? కనపడనిది లేదనుకున్నావు. లేదనుకుని ఆపావు. ఆపిన ప్రతిసారీ మా ఖాతాలో ఇంకో ఓటమి వేశావు, ఆ ఓటమి చూసి తర్వాతి ఆట ఇంకా ముందే ఆపుతున్నావు.

నిరంజన్ గారికి ఇదంతా చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. వచ్చే కప్పుకి కొత్త రికార్డింగులు పంపండి మేడమ్ అన్నాడు. వచ్చే కప్పుకి మమ్మల్ని పిలవరు కదండీ అన్నాను. ఆయన పప్పన్నం కలుపుకోవడం మొదలెట్టాడు.

ఏకాదశి

ఇంటి నుంచి మా సంఘం పెద్దలు హుకుం పంపారు. సౌరగిరితో ఆటలో మొదటి నుంచే ఎగబడి ఆడాలట, తీర్పరి కంట్లో పడాలట. నేను వద్దన్నాను, అరిచాను. అధ్యక్షుడు నా మాట సాగనివ్వలేదు. బురదలో కాలు పెట్టి ఇరవై ఏళ్ళయింది ఆయన.

పిల్లలు చెప్పినట్టే ఎగబడ్డారు. ఎప్పుడూ వేయని అడుగులు వేశారు. ఈత వచ్చినవాళ్ళని చెట్టెక్కమన్నట్టుంది. ఒకరినొకరు గుద్దుకున్నారు. లోవలక్ష్మి గడ్డి మీద జారి ముక్కు పగలగొట్టుకుంది. మూడు గోల్స్ తిన్నాం. సగం ఆట కాగానే పట్టీ గుర్రుమంది. కాశులమ్మ అప్పటికి లేవను కూడా లేదు, కూర్చునే ఉంది.

ఈసారి ఆపినందుకు నేనేమీ అనలేకపోయాను. ఆ ఆట చూసి ఎవరైనా ఆపుతారు. మా ఆట మేం ఆడకుండా చేశారు, అదీ మా వాళ్ళే. బసకి వచ్చాక సంఘం నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. తియ్యలేదు. పిల్లలకి అన్నంలోకి దొరబాబు తెచ్చిన ఎండురొయ్యల పొడి వేశాను. లోవలక్ష్మి ముక్కులో దూది పెట్టుకుని తింటూ, ఇక్కడ ఇంక ఏ ఆటైనా మన ఆటే ఆడదామక్కా అంది. అందరూ తలలూపారు.

చతుర్దశి

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

రేపు కొండగడ్డతో మా ఆఖరి ఆట. ఆతిథ్య దేశం, పోయినసారి కప్పు కొట్టింది కూడా వాళ్ళే. నిరంజన్ గారు పొద్దున్నే వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడమ్, రేపటి ఆటకి తీర్పరి ముందస్తు ఫలితం ఇచ్చింది. కొండగడ్డ గెలుపు, రెండు సున్నా. ఆడాల్సిన అవసరం లేదు. ఎల్లుండి పడవలో మీకు చోటు ఖాయం చేశాను."

ఆడని ఆటకి రెండు గోల్స్! ఆ రెండు గోల్స్ ఎవరు కొట్టారండీ అని అడిగాను. ఎవరి కాలితో కొట్టారు? మా గోల్‌కీపర్ ఏ పక్కకి దూకింది? అరికాలి మంట నెత్తికెక్కి, చేతిలో ఉన్న రొయ్యల పొడి డబ్బా గోడకేసి కొట్టాను. గదంతా ఘాటు. పాపం ఆయన తుమ్ముకుంటూ వెళ్ళిపోయాడు.

కాశులమ్మ నేల మీద పొడి ఎత్తి మళ్ళీ డబ్బాలో పోసింది. తర్వాత తన జెర్సీ తీసి మడత పెట్టడం మొదలెట్టింది. ఆ మడత చూడలేక నేను వరండాలోకి వచ్చేశాను.

అక్కడ ఒక అమ్మాయి నిలబడి ఉంది. కొండగడ్డ కెప్టెన్ రజిత. ముందస్తు ఫలితం వస్తే గెలిచిన జట్టు కెప్టెన్ వచ్చి ఓడినవాళ్ళకి తమ జెండా ఇచ్చి వెళ్ళాలని ఇక్కడ మర్యాద. జెండా చుట్టి చంకలో పెట్టుకుంది, ఇవ్వడానికి చెయ్యి చాపడం లేదు.

"ఇచ్చేసి వెళ్ళమ్మా. గెలిచావు కదా" అన్నాను. నా గొంతు నాకే కర్ణకఠోరంగా వినిపించింది.

"నాకు సిగ్గయితుందక్కా" అంది. "మీరు తిట్టుండ్రి గని ఒక్క మాట ఇనుండ్రి. మేం గూడ ఎన్నడు ఆఖరిదాంక ఆడలే."

"అదేంటి?"

"గెలుస్తున్నమని తెల్వంగనే దీపాలు బందయితయి. నేను పదేండ్ల సంది ఆడుతున్న. ఆఖరి నిమిషాలల్ల కాళ్ళు ఎట్ల గుంజుతయో, గుండె ఎట్ల కొట్టుకుంటదో నాకు తెల్వనే తెల్వది. మా అమ్మమ్మ చెప్తుండె, ఆటంటే గదేనని. కప్పు కొట్టినమని అంటరు. ఏం కొట్టినమో నాకు సమజ్ కాదు."

ఇంతసేపూ నా కడుపు మంట ఈ పిల్ల మీద కూడా ఉంది. ఒక్కసారిగా అది ఎటు పోయిందో తెలియలేదు. గట్టు అవతల బురద వైపు చెయ్యి చూపించాను.

"రేపు పున్నమి. సాయంత్రం పెద్ద పోటు. అక్కడ దీపాలు లేవు, ఆర్పడానికి. వత్తావా?"

రజిత బురద వైపు చూసింది. "మావోళ్ళు నన్ను తిడతరు" అంది. తర్వాత, "తిట్టనీ" అంది. జెండా నాకివ్వకుండానే తీసుకుని వెళ్ళిపోయింది.

పున్నమి

ఇవాళ్టిది పొడుగ్గా ఉంటుంది. ఒక్క ముక్క వదలకుండా చదువు.

పొద్దు వాలుతుండగా గట్టు మెట్లు దిగి బురదలోకి వెళ్ళాం. మా పడవ తెడ్లు నాలుగు పాతి గోల్స్ చేశాం, మా బరువు బంతే పెట్టాం. కొండగడ్డ నుంచి తొమ్మిదిమందే వచ్చారు, ఇద్దరు భయపడ్డారట. మేమూ ఇద్దరిని కూర్చోబెట్టాం. వడగాలి కొడుతోంది. గోపురం చలువలో పెరిగిన పిల్లల మొహాలు అప్పుడే కందిపోయాయి. దొరబాబు మా వంతు తాగే నీళ్ళు వాళ్ళకి కూడా పోశాడు. వాడి రెండో చేతిలో కెమెరా ఉంది.

నిరంజన్ గారు ఆపడానికని వచ్చాడు. "మేడమ్, తీర్పరి కన్ను గట్టు మీద కూడా ఉంది. ఇదంతా చూస్తుంది" అన్నాడు. చూడమనండి అన్నాను. నిండా మునిగినవాళ్ళకి చలేంటి?

ఆట మొదలైంది. కొండగడ్డ పిల్లలు ఆడతారు, నిజం చెప్పాలి. బురదలో కూడా గడ్డి మీద లాగే పరిగెత్తారు. మా వాళ్ళు కాళ్ళు దాచుకున్నారు. రెండు గోల్స్ పడ్డాయి మాకు. తీర్పరి రాసిన రెండూ ఇవే కాబోలని నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. కాశులమ్మ ఒడ్డున గొంతుక్కూర్చుని చూస్తూ ఉంది. ఎవరు ఏ కాలు ముందు తీస్తున్నారో వేళ్ళ మీద గుర్తు పెట్టుకుంటోంది.

సముద్రం చప్పుడు మారింది. తడి గీత ఒకటి బురద మీద పాకుతూ వచ్చింది. ముందు అరికాళ్ళకి, తర్వాత చీలమండలకి. కొండగడ్డ పిల్లలు కాళ్ళు ఈడుస్తున్నారు.

కాశులమ్మ లేచింది. బూట్లు విప్పేసింది. వంగి నీళ్ళు తాకి నెత్తి మీద చల్లుకుంది. "బంతి తేలే దాకా" అని, గీత దాటి లోపలికి వెళ్ళింది. ఈ కప్పుకొచ్చిన పన్నెండేళ్ళకి. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

తర్వాత జరిగింది చెప్పడం నా వల్ల కాదు, దొరబాబు కెమెరాలో చూసుకో. నీటి మీద బంతి, విసిరిన చిల్లపెంకులా జారుతుంది. దాన్ని ఎంత వాటంగా తన్నితే ఎంత దూరం జారుతుందో కాశులమ్మ కాలికి తెలుసు. అలిసిపోయిన కాలి పక్క నుంచే పంపింది ప్రతిసారీ. లోవలక్ష్మి ఒకటి కొట్టింది, మరొకటి కొట్టింది. నీళ్ళు పిక్కల్లోకి వచ్చాక మూడోది కాశులమ్మే కొట్టింది. మూడు రెండు. చంద్రుడు లేచాడు. మా పిల్లలు కేకలు పెడుతున్నారు.

పట్టీ గుర్రుమంది.

చూసుకున్నాను. ఎర్ర వెలుగులో అక్షరాలు. మడసీమ గెలుపు ఖాయం. ఆట ముగిసింది.

నిరంజన్ గారు ప్యాంటు మడిచి నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్! ఆపెయ్యండి! తీర్పరి ముగిసిందన్న ఆట ఎక్కడ ఆడినా లెక్కలోకి వస్తుంది, అది నిబంధన. నిన్నటి ఫలితం కొట్టేస్తారు. మీరు గెలిచినట్టే. వచ్చే కప్పులో మీరుంటారు. కానీ ఇంకొక్క తన్ను తన్నినా ఈ తీర్పు రద్దయిపోతుంది."

ఇన్నేళ్ళుగా దేనికోసం తిట్టుకుంటూ తిరిగానో అది నా చేతికి వచ్చింది. ఈల వెయ్యడానికి వేళ్ళు నోట్లో పెట్టుకున్నాను కూడా.

ఎదురుగా రజిత నిలబడి ఉంది. మోకాళ్ళ మీద చేతులు, మొహమంతా బురద, రొప్పుతోంది. ఆ మాటలన్నీ విన్నది.

"బంతి ఇంక తేలలే గద అక్కా?" అంది.

నా కోపం మళ్ళీ లేచింది. నువ్వు చేసింది అదే తీర్పరీ. ఆ పిల్ల ఊపిరి ఇంకా ఆడుతుండగానే నీ ఆట అయిపోయింది అన్నావు. నాకు చేసినప్పుడు అన్యాయం, నా చేత చేయిస్తే న్యాయమా? కాశులమ్మ వైపు చూశాను. ఆమె మా వైపే చూడటం లేదు. బంతి తెచ్చి నడిమధ్యలో, కొండగడ్డ పిల్లల ముందు పెడుతోంది.

నా నడుముకున్న చేపల కత్తితో పట్టీ కోసేశాను. బురదలో పడేసి తొక్కాను. "ఆడండే! ఎవత్తైనా ఆపితే కాళ్ళిరగ్గొడతాను!" అని అరిచాను. నిరంజన్ గారు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు, కానీ ఒడ్డుకి వెళ్ళలేదు.

నీళ్ళు మోకాళ్ళకి వస్తున్నాయి. బంతి మధ్యమధ్య ఊగుతోంది కానీ తేలలేదు. అప్పుడు కాశులమ్మ, పన్నెండేళ్ళ ఆకలి మీదున్న మనిషి, మామూలుగా పక్కకి ఇవ్వాల్సిన బంతిని మడమతో వెనక్కి తన్ని సోకు చేయబోయింది. అది రజిత కాలికి దొరికింది. ఆ పిల్ల నీళ్ళలో పడుతూ లేస్తూ, పడుతూ లేస్తూ వెళ్ళి కొట్టేసింది. మూడు మూడు.

మరుక్షణం బంతి మా తెడ్ల మధ్య గుండ్రంగా తిరుగుతూ తేలింది.

కొండగడ్డ పిల్లలు నీళ్ళలో ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. దొరబాబు అవతల నడుం లోతులో కెమెరా నెత్తి మీద పెట్టుకుని ఇంకా తీస్తున్నాడు. నిరంజన్ గారు నా దగ్గరికి వచ్చి, దీన్ని నేను ఎక్కడా నమోదు చెయ్యలేను మేడమ్ అన్నాడు. నేను చేస్తాను లెండి అన్నాను. చేశాను, ఇదే.

అప్పటికి నా కళ్ళకి కాశులమ్మ తప్ప ఎవరూ కనిపించడం లేదు. నీళ్ళు తన్నుకుంటూ ఆమె మీదకి వెళ్ళాను.

"మడమతో తన్నుతావే? పెళ్ళిలో డాన్సనుకున్నావా? పక్కన లోవ నిలబడి చావట్లేదా? కళ్ళు దొబ్బాయా? గెలిచే ఆట నీళ్ళపాలు చేశావు కదే, బుద్ధిలేనిదానా! చిన్నపిల్ల కూడా చెయ్యదే ఇలాంటి తప్పు!"

కాశులమ్మ తొడల లోతు నీళ్ళలో నిలబడి ఉంది. జెర్సీ ఒంటికి అతుక్కుపోయింది. ఒళ్ళంతా బురద, ఉప్పు. నవ్వుతోంది.

"ఇంకా తిట్టక్కా" అంది. "ఈ కప్పులకొత్తా పన్నెండేళ్ళయింది, ఇక్కడ నా ఆటని ఒక్కళ్ళూ తిట్టలేదు. ఇంకొంచెం తిట్టు."

తిట్టాను. గట్టు మెట్లెక్కే దాకా తిడుతూనే ఉన్నాను.